కొర్రీ అక్క ఏడో పేజీ

పెన్షన్ విభాగంలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసిన మనిషి తన సొంత పెన్షన్ ఫారంలో ఒక పేజీ ఖాళీగా వదిలేసిందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. నేనూ నమ్మేదాన్ని కాదు. కానీ అదే జరిగింది, అదీ మామూలు మనిషి కాదు, సాక్షాత్తూ కొర్రీ అక్క.

ఆవిడ అసలు పేరు రిజిస్టరులో ఉంటుంది, కావాలంటే వెళ్లి చూసుకోవచ్చు. ఎదురుగా అందరూ అక్కా అంటారు, అటు తిరగ్గానే కొర్రీ అక్క అంటారు. కాగితంలో ఫలానా లోపం ఉందని రాసి వెనక్కి పంపడమే కదా కొర్రీ వేయడమంటే! ఆ నాలుగంతస్తుల భవనంలో ఆ పనిలో ఆవిడని మించినవాళ్లు లేరు. ఒక ముసలి పోస్ట్‌మాన్ సంతకానికి మొదటి పేజీలో తోక పైకి, మూడో పేజీలో కిందికి ఉందని పాపం ఆయన్ని రెండుసార్లు మెట్లెక్కించింది. అలాగని చెడ్డమనిషి అనుకునేరు, నా ఒట్టు, కాదు. ఎవరి దగ్గరా అర్ధ రూపాయి ఆశించలేదు, ఎవరి సిఫార్సూ వినలేదు. ఆవిడ చేతి మీదుగా దాటిన ఫైలు మళ్లీ వెనక్కి వచ్చిన దాఖలా లేదు.

ఆవిడకొక పద్ధతి ఉంది. బల్ల మీద వెడల్పాటి చెక్క స్కేలు ఒకటి ఉంటుంది. ఏ కాగితం వచ్చినా ముందు దాని తల మీద, పేరూ చిరునామా ఉన్న చోట, ఆ స్కేలు పెట్టి కప్పేస్తుంది. తర్వాతే చదువుతుంది. "పేరు చూస్తే మనసు మెత్తబడుతుంది, నంబరు చూస్తే పని జరుగుతుంది" అని కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పేది. సొంత పినతండ్రి ఫైలుకి కూడా అలాగే కొర్రీ వేసి, ఆయన ఇంటికొచ్చి చెడామడా తిట్టేదాకా అది ఆయనదని ఆవిడకి తెలియదు.

అలాంటావిడ ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటికి రిటైరవుతోంది. సోమవారం పొద్దున తన ఫారం పదకొండు పేజీలూ తెచ్చి, పక్క బల్ల దగ్గర కూర్చునే కవలలమ్మకి ఇచ్చింది. కవలలమ్మ అంటే ఇద్దరు కవలల తల్లి, నలభై ఏళ్ల మనిషి, అక్క దగ్గర పని నేర్చుకుని అక్క కుర్చీలోకే రాబోతున్నది. అక్క ఫారం ఇచ్చి గబగబా వెళ్లి బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడింది. పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆరోది దాటింది. ఏడోదాని దగ్గర ఆగిపోయింది.

"అక్కా."

"ఊఁ."

"ఏడో పేజీ ఖాళీగా ఉంది."

"అలాగా?" అంది అక్క బీరువాలో తలపెట్టి. దొరికిపోయిన దొంగ మొహం ఎలా ఉంటుందో ఆ బీరువాకే తెలుసు.

ఏడో పేజీ అంటే పెళ్లి వివరాలు. అక్కకి విడాకులై తొమ్మిదేళ్లయింది. ఉద్యోగంలో ఉండగా విడాకులైతే, పెళ్లయి ఉన్నన్నాళ్ల సర్వీసుకి వచ్చే పెన్షన్‌లో మాజీ భర్తకో భార్యకో వాటా ఉంటుంది. విడాకుల పత్రంలో ఎంత రాసి ఉంటే అంత. అది వద్దనుకుంటే ఇద్దరూ కలిసి ఒకే రోజు ఆఫీసుకొచ్చి, అధికారి ఎదుట వదులుబాటు పత్రం మీద సంతకాలు చెయ్యాలి. రిటైరయ్యే గంట కొట్టేలోపలే అది జరగాలి. గంట దాటిందా, బతికున్నన్నాళ్లూ వాటా వాటాయే. ఈ ముక్క అక్క వందలమందికి వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది. ఒక ఏడాది ముందే చూసుకోండి నాయనా అని కసిరింది కూడా. తన దగ్గరికొచ్చేసరికి ఏడాదంతా ఆ పేజీని సొరుగులో పెట్టుకుని కూర్చుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ వాటాని తన మెడకి తగిలించుకున్నది కూడా ఆవిడే. తొమ్మిదేళ్ల కిందట ప్లీడరు రాసిన చిత్తులో "పెన్షన్‌లో న్యాయమైన వాటా" అని ఒక నీళ్లమాట ఉండేది. దాన్ని అలా వదిలేసి ఉంటే ఏ ఆఫీసూ పట్టించుకునేది కాదు, పీడా పోయేది. కానీ అసంపూర్తి కాగితం కళ్ల ముందు ఉంటే అక్కకి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంటుంది. "న్యాయమైన అంటే ఎంతండీ? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? ఇలా పంపితే మా ఆఫీసు మొహాన కొడుతుంది" అని ఎర్రసిరా పెన్ను తీసి, తన విడాకుల పత్రానికి తనే కొర్రీ వేసింది. "ఇద్దరిలో ఎవరు రిటైరైనా, ఇరవై రెండేళ్ల కాలానికి, సరిగ్గా సగం" అని చెప్పి రాయించింది. ప్లీడరు కళ్లజోడు తీసి, "అమ్మా, ఇలా రాస్తే రేపు మీ పెన్షన్‌కి కూడా కోత పడుతుంది" అన్నాడు. "రూలు రూలేనండీ" అంది అక్క. పక్క కుర్చీలో భర్త తల పట్టుకున్నాడు.

ఆ భర్త ఫైరింజన్ డ్రైవరు. మంటల్లోకి బండి తోలుకెళ్లేవాడు, ఇంట్లో మాత్రం పిల్లిలా తిరిగేవాడు. తిరగక ఏం చేస్తాడు! తువ్వాలు ఆరేసిన వంకర, గ్లాసు పెట్టిన చోటు, తలుపు మూసిన చప్పుడు, అన్నిటికీ కొర్రీ. మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు, ఆ తర్వాత మాట్లాడటం మానేసి ఎవరి డ్యూటీ కావాలన్నా తనే చేసేవాడు. ప్లీడరు గదిలో మటుకు ఒకే ఒక్క మాటన్నాడు: "ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో నా ఫైలు ఒక్కసారీ పాసవలేదండీ." అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ మాట తొమ్మిదేళ్లుగా చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు ఆయన వాటా కింద కోత పడితే అక్క పెన్షన్‌లో మూడో వంతుకి కాస్త తక్కువ ఎగిరిపోతుంది. అది పోతే ఇల్లు పోతుంది.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. బస్ డిపో వెనక వీధిలో, ఆకుపచ్చ తలుపుతో, రెండు గదులు, కుర్చీ వేసుకునేంత పెరడు. విడాకులయ్యాక అక్క తన చెల్లెలి ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. చెల్లెలు టైలరు. ఆ గదే అక్క పడకగది, ఆ గదే బట్టలు తొడిగి చూసుకునే గది. తల దువ్వుకుంటుంటే ఎవరో లావుపాటాయన కొత్త కోటుతో లోపలికొచ్చి, "భుజాలు బిగుతుగా లేవు కదండీ?" అని అడుగుతాడు. తండ్రి ఇంట్లో తాళంచెవి తల్లి కొంగున ఉండేది. మొగుడింట్లో పూలకుండీ కింద ఉండేది, వీధిలో అందరికీ తెలుసు. చెల్లెలి గదికి గడియే లేదు. అరవై ఏళ్లకి మొదటిసారి సొంత తాళంచెవి ఒకటి చేతిలో పెట్టుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. ఇంటావిడ మాత్రం తేల్చి చెప్పింది: "శుక్రవారం ఆరింటికల్లా పెన్షన్ ఆర్డరు చూపించండి. మీకు వచ్చేది అద్దెకి సరిపోతుందని తేలితేనే తాళం ఇస్తాను. లేకపోతే పళ్ల డాక్టరుగారికి ఇచ్చేస్తాను, ఆయన రోజూ వచ్చి కొలతలు తీసుకుపోతున్నాడు."

"ఫోన్ చెయ్యనా అక్కా?" అంది కవలలమ్మ.

"ఎవరికి?" అంది అక్క, తెలియనట్టు.

"ఎవరికేమిటి, బావగారికి!"

"బావగారూ లేదు, బండగారూ లేదు. మాజీ భర్త అనాలి. ఫారంలో ఏముందో అదే అను."

సరే, మాజీ భర్తకే చేసింది. స్పీకరులో ఆ గొంతు వినపడగానే అక్క చేతిలో పెన్ను కిందపడింది. ఆయన అంతా విని, "వస్తానమ్మా, శుక్రవారం వస్తాను. నా దగ్గర కూడా ఒక కాగితం ఉంది, అది కూడా తెస్తానని చెప్పు" అన్నాడు.

అంతే, అక్క గుండె జారిపోయింది. కాగితమంటే ఇంకేముంటుంది, వాటా కావాలని దరఖాస్తే! పైగా ఆవిడకి పాతకోపం ఒకటుంది. రెండేళ్ల కిందట ఆయన రిటైరయ్యాడు. ఆ పత్రం ప్రకారం ఆయన పెన్షన్‌లో కూడా ఈవిడకి వాటా రావాలి కదా, ఫైరు శాఖ నుంచి ఉత్తరం వస్తుందని చూసింది. రాలేదు. ఆయన విడాకుల సంగతే దాచి, మొత్తం తనే మింగేశాడని తీర్మానించుకుంది. "నాకేం అక్కర్లేదు ఆయన డబ్బు" అని చెల్లెలితో రోజూ చెప్పేది. "అక్కర్లేకపోతే మరి రోజూ ఉత్తరాలొచ్చాయా అని ఎందుకడుగుతావక్కా?" అని చెల్లెలు మిషను ఆపకుండానే దెప్పేది. అడిగి తెలుసుకోవడానికి అక్కకి అభిమానం అడ్డొచ్చింది. తనది మింగినవాడు తన వాటా మాత్రం వదులుతాడా? ఆ నాలుగు రోజులూ అక్క ఒక్కరి కాగితానికీ కొర్రీ వేయలేదు. సెక్షనంతా హడలిపోయింది, మనిషికి ఒంట్లో బాగాలేదేమోనని.

శుక్రవారం మూడున్నరకి ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని, గుమ్మం దగ్గర కాళ్లు ఇంకోసారి తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. అక్క చూసీ చూడనట్టు చూసి, చూశానని తెలిసిపోయిందేమోనని కిటికీ వైపు తిరిగింది.

"నమస్కారం మేడంగారూ."

"నమస్కారం డ్రైవరుగారూ."

ఇరవై రెండేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు! సెక్షన్‌లో టైపు కొట్టే చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఆ బల్ల పక్కనున్న బీరువాలో ఏదో వెతుక్కోవడం మొదలెట్టారు.

ఆయన చంకలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద గుండ్రటి ముద్రలు మూడున్నాయి. "మా ఆఫీసు నుంచి మూడుసార్లు పంపించాం. మూడుసార్లూ తిరిగొచ్చింది. ఇక నాలుగోసారి పంపే ధైర్యం నాకు లేకపోయింది" అన్నాడు.

అక్క కవరులో కాగితం తీసింది. చెయ్యి దాని అలవాటున అది పోయి స్కేలందుకుని కాగితం తల మీద పెట్టింది. చదివింది. "డ్రైవరు నంబరు నలభై ఏడు రిటైరైనందున, విడాకుల పత్రం ప్రకారం మాజీ భార్యకి చెందవలసిన సగం వాటాని విడిగా ఉంచాము. స్వీకరిస్తున్నట్టు సంతకం చేసి పంపగలరు." దాని కింద ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, "మాజీ భార్య సంతకం లేదు. తిప్పి పంపడమైనది." ఇంకాస్త కింద, "మళ్లీ చెబుతున్నాము, మాజీ భార్య సంతకం లేదు." దానికి ఇంకా కింద, రెండు గీతలు కొట్టి, "ఎన్నిసార్లు చెప్పాలి? ముందు మాజీ భార్యని పట్టుకుని సంతకం చేయించండి."

ఆ అక్షరాలు ఎవరివో వేరే చెప్పాలా!

"ఆ స్కేలు కాస్త పక్కకి జరుపు" అన్నాడాయన మెల్లగా. మేడంగారూ పోయి, తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ 'నువ్వు' వచ్చింది.

అక్క జరిపింది. స్కేలు కింద ఫైరు శాఖ ముద్ర, దాని పక్కనే తన పేరు, ఇంటిపేరుతో సహా, పెన్షన్ విభాగం, రెండో అంతస్తు. ఆ కాగితం వచ్చింది తనకే. తన సంతకం కోసమే. తన సంతకం లేదని మూడుసార్లు తిప్పికొట్టింది కూడా తనే!

అక్క మొహం ఎర్రబడింది, తెల్లబడింది. కవలలమ్మ భుజం మీంచి తొంగిచూసి మూడో కొర్రీ పైకి చదివేసింది: "ముందు మాజీ భార్యని పట్టుకుని..." అంతే, ఇక ఆపుకోలేక కిసుక్కుమంది. బీరువా దగ్గరివాళ్లు ఘొల్లుమన్నారు. అందరూ బిక్కచచ్చి అక్క వైపు చూశారు, ఇప్పుడు పిడుగు పడుతుందని. పడలేదు. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. ఆవిడకి అంత పెద్ద నవ్వు ఉందని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లొచ్చాయి, అవి ఎంతసేపటికీ ఆగలేదు.

"మీరు మింగేశారనుకున్నానండీ" అంది తుడుచుకుంటూ.

"నా డబ్బు ముట్టుకోవడం కూడా నీకు ఇష్టం లేదనుకున్నాను నేను. నీ చేతిరాతే కదా, పోల్చుకోనా? ఇదీ ఒక జవాబేలే అని ఊరుకున్నాను."

ఆ మాటకి అక్కకి నవ్వు ఆగిపోయింది. రెండేళ్లు. ఆ మనిషి పెన్షన్‌లో అంత భాగం అక్కడెక్కడో ఆగిపోయి ఉంది, ఒక్క మాట అనకుండా మిగిలినదాంతో బతికాడు. తను మాత్రం రోజూ తిట్టుకుంది. చాలా సిగ్గేసింది ఆవిడకి.

"టైము నాలుగైంది అక్కా" అని గుర్తుచేసింది కవలలమ్మ. "వాటాలు ఉంచుకుంటే ఆయనది మీకు, మీది ఆయనకి. కానీ ఆయన వైపుది తేలడానికి నెలలు పడుతుంది, ఇవాళ్టి ఆర్డరులో మీకు కోతే కనిపిస్తుంది. వదులుకుంటే ఎవరిది వాళ్లకి, పూర్తిగా. ఆయన రిటైరైపోయినా, మీ సంతకం పడక ఆ వాటా ఇంకా ఖాయం కాలేదు కాబట్టి అదీ ఇందులోనే వదులుకోవచ్చు. ఏదైనా ఐదింటిలోపే."

ఆయన అక్క వైపు తిరిగాడు. "నీకేం కావాలి?"

ఎంత చిన్న ప్రశ్న! ఇన్నేళ్లలో ఎవరైనా అడిగారా అంటే గుర్తులేదు. అడిగే సందు తను ఎవరికైనా ఇచ్చిందా అంటే అదీ గుర్తులేదు.

"నాకొక ఇల్లు కావాలండీ. నా తలుపు, నా తాళం" అంది.

"అయితే వదిలేసుకుందాం."

"మరి మీకు?"

"నాది నాకొస్తుంది కదా. రెండేళ్లుగా ఆపింది కూడా కలిపి ఇస్తారుట. చిన్న పడవ కొనుక్కుంటా. ముప్ఫై ఏళ్లు నీళ్లు మంటల మీద పోశాను, ఇక ఊరికే నీళ్ల మీద కూర్చుంటా."

వదులుబాటు పత్రం బల్ల మీదికొచ్చింది. దాని చివర ఒక గడి ఉంటుంది: "ఎదుటి పక్షం మీద అభ్యంతరాలు ఏవైనా ఉంటే రాయవలెను." కింద పది గీతలు. మామూలుగా జనం అక్కడ కొట్టుకు చస్తారు. పది గీతలు చాలక, అదనపు కాగితాలు కుట్టినవాళ్లని కూడా అక్క చూసింది. పెన్ను మూత తీసింది. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. ప్లీడరు గదిలో కూడా అలాగే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

అక్క స్కేలు తీసి కింద పెట్టింది. పైనున్న ఆయన పేరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. చక్కని పేరు. ఇరవై రెండేళ్లూ ఆ పేరుకి ముందు ఏదో ఒక తప్పు తగిలించే పిలిచింది. పది గీతల్లో మొదటి దాని మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో, "ఏమీ లేవు" అని రాసింది. మిగిలిన తొమ్మిది గీతల మీదా ఒక నిలువు గీత గీసి సంతకం పెట్టి కాగితం ఆయన వైపు తోసింది.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు. "పాసైందన్నమాట నా ఫైలు" అన్నాడు.

"ఆలస్యమైంది. క్షమించండి" అంది అక్క. అందరూ వింటుండగానే అంది.

ఆయన తన గడిలో "లేవు" అని రాసి, సంతకం చేసి, పెన్ను కింద పెట్టాడు. అక్క కళ్లు ఆ కాగితం మీదికి పోయాయి. పెదవులు బిగపట్టింది. కిటికీకేసి చూసింది, ఫ్యానుకేసి చూసింది. మెడ మీద నరం కొట్టుకుంటోంది.

"చెప్పెయ్, ఆగలేవు నువ్వు" అన్నాడాయన.

"తేదీ!" అంది అక్క ఒక్క ఊపులో. "తేదీ వేయలేదు!"

ఆ నవ్వులకి కింది అంతస్తువాళ్లు కూడా పైకొచ్చారు. ఆయన తేదీ వేశాడు, అధికారి సంతకం పెట్టాడు, ఐదుకి పది నిమిషాలుండగా ఆర్డరు అక్క చేతికొచ్చింది. కోత లేకుండా, పూర్తిగా. వీడ్కోలు టీ చల్లారిపోయింది, ఎవరికీ పట్టలేదు. అందరి దగ్గరా సెలవు తీసుకునేసరికి ఆలస్యమైపోయింది. మెట్లు దిగుతుంటే కవలలమ్మ వెనక నుంచి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, స్కేలు మర్చిపోయారు!"

"ఉంచుకో. గీతలు గీసుకోవడానికి పనికొస్తుంది. పేర్లు మాత్రం చదువు" అంది అక్క.

ఆరు కావడానికి పావుగంట ఉంది, బస్సు కోసం నిలబడితే అంతే సంగతులు. ఆయన స్నేహితుడి వ్యాను తెచ్చాడు. ముప్ఫై ఏళ్లు ఫైరింజన్ తోలినవాడు కదా, నోటితోనే సైరన్ మోగిస్తూ సందుగొందులన్నీ దాటించి, ఆరుకి మూడు నిమిషాలుండగా ఆకుపచ్చ తలుపు ముందు ఆపాడు. అక్క దారి పొడవునా కళ్లు మూసుకునే ఉంది, కానీ డ్రైవింగు మీద ఒక్క మాట అనలేదు. పళ్ల డాక్టరు మెట్ల మీద టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటావిడ ఆర్డరు చదివి, రెండోసారి వెనక వైపు కూడా తిప్పి చదివి, తాళంచెవి అక్క అరచేతిలో పెట్టింది. డాక్టరు టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

"సామాను రేపు తెచ్చిపెడతాను" అన్నాడాయన వీధిలోంచే. "ఏ టైముకి రావాలో రాసి పంపు. తేదీతో సహా."

అక్క తలుపు తీసి లోపలికెళ్లింది. ఖాళీ గది. ఇస్త్రీ వాసన లేదు, కోటు తొడుక్కున్నవాళ్లు లేరు. తలుపు మూసి లోపలి నుంచి తాళం వేసింది. తీసింది. మళ్లీ వేసింది. మళ్లీ తీసింది. ముచ్చట తీరక మూడోసారి కూడా వేసింది.

వ్యాను ఎక్కబోతున్న ఆయనకి ఆ టకటకలు వినపడ్డాయి. "ఏమైంది? తాళానికి కూడా కొర్రీయా?" అని కేకేశాడు.

"లేదండీ" అంది అక్క లోపలి నుంచి, నవ్వుతూనో ఏడుస్తూనో తనకే తెలియకుండా. "అంతా బాగుంది."